వాళ్లు వన్ క్లబ్ అన్నాక

కోరుట్ల,
సోమవారం.

బామ్మర్ది దేవేందర్‌కు,

నిలబడి ఉంటే కూర్చో. బట్ట నేసే సాంచాల షెడ్డులో ఉంటే ఆ చప్పుడులోంచి బయటికి వచ్చి చదువు. సరితకు ఇప్పుడే చూపించకు.

జగిత్యాల క్లబ్బులో మనం కప్పు గెలిచిన ఫైనల్‌ను వాళ్లు వీడియో తీసి యూట్యూబులో పెట్టారని చెప్పావు కదా. నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక మీ అక్కకు చూపిద్దామని టీవీలో పెట్టాను. ఆమె సంగతి నీకు తెలుసు. బ్రిడ్జి పేకాట అనే మాట వింటేనే లేచిపోయే మనిషి. మనిద్దరం ఒక బోర్డులో పంచిన ముక్కల గురించి ఫోన్లో అరుచుకుంటుంటే పక్కింటివాళ్లు ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చారు చూడు, ఆ రోజు నుంచి ఆట ముచ్చట ఏదున్నా కాయితం మీదే రాసుకోండని మన నోళ్లు కట్టేసింది కూడా ఆమే. అలాంటిది, కప్పు ఇంటికి వచ్చింది కదా అని వక్క నోట్లో వేసుకుని నా పక్కన కూర్చుంది.

"గా అద్దాలాయన ఎవలు?" అంది.

జీవన్ వకీలు అని, ఎదురుగా ఉన్నది మందుల దుకాణం నవీద్ అని, వాళ్లిద్దరిదీ ఒక జట్టు, మన ఇద్దరిదీ ఒక జట్టు అని చెప్పాను. అంతలో జీవన్ వన్ క్లబ్ అని రాసి ఉన్న పాట కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అదేందని అడిగింది.

"నా చేతుల మస్తు బలం ఉన్నది అని చెప్తున్నడు. ఏ రంగుల ఉన్నదో ఇంక చెప్పలేదు. ఇప్పుడు వాళ్లిద్దరు ఒకలకొకలు అది చెప్పుకుంటరు. చెప్పుకునేలోపట మనం అడ్డం పడాలె. గందుకని మనలో బలం లేనోడే గట్టిగ మాట్లాడాలె. బలం ఉన్నోడు పాస్ అని ఊకుండాలె" అన్నాను.

మీ అక్క నవ్వింది. "అంటే ఏం లేనోడే లొల్లి పెట్టాలన్నట్టు. మా తమ్మునికి తగిన ఆటనే దొరికింది."

తెర మీద నువ్వు టూ స్పేడ్స్ కార్డు పెట్టావు. ఇదిగో ఇదే లొల్లి అని చూపించాను. దేవేందర్ టూ స్పేడ్స్ అంటే ఒక్కోసారి నిజంగానే ఆరు ఇస్పేట్లు, కొంత సరుకు ఉంటుందని, ఒక్కోసారి ఉత్త చప్పుడేనని, ఏది నిజమో ఏది చప్పుడో నాకు కూడా తెలియదని, నా ముక్కలు చూసుకుని నేనే అందాజ కట్టాలని, ఆటలో మజా అంతా అక్కడే ఉందని చెప్పాను.

"నీకు తెల్వదా?"

"తెల్వది."

"నాకు తెలిసింది గదా. అబద్ధం."

నవ్వి ఊరుకున్నాను. ఆ బోర్డు అయిపోయి అందరి ముక్కలూ తెరిచారు. నీ దగ్గర ఇస్పేట్లు అయిదే. రాజు లేదు, రాణి లేదు, ఒక్క గులాం. ఏదో తగిలిందిలే అనుకున్నాను. తర్వాత నువ్వు మళ్లీ టూ స్పేడ్స్ అంటూ లేచినప్పుడు "గిది నిజం" అంది. ఆసు, రాణి, మొత్తం ఆరు ఇస్పేట్లు. ఆ తర్వాతిది "అబద్ధం" అంది. అబద్ధమే. దేవేందర్, వీడియో అయిపోయేదాకా మీ అక్క ఒక్కటి కూడా తప్పలేదు. ఇస్పేటుకూ ఆఠీనుకూ తేడా తెలియని మనిషి!

"ఎట్ల తెలుస్తుందే నీకు?" అని అరిచాను.

"గా బుగ్గ సూడు. లోపట్నుంచి నాలుకతోని నెడుతడు, బఠాణి పెట్టుకున్నట్టు. చిన్నప్పుడు పెరుగంత తాగి పిల్లి తాగిందన్నప్పుడు గిట్లనే నెట్టిండు. సరితను సూసొచ్చి నాకు నచ్చలేదని సిగ్గుపడుకుంట చెప్పినప్పుడు గూడ గిట్లనే నెట్టిండు. గందుకే గా సంబంధం నేను ఖాయం చేసిన."

ఆమె నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. ఆ బుగ్గకు ఎదురుగా ఇన్నేళ్లుగా కూర్చున్నది నేను. వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టి ఈసారి నన్ను చూసుకున్నాను. నువ్వు చప్పుడు చేసిన ప్రతిసారీ నేను పాస్ అన్నాను. నిజం చెప్పిన ప్రతిసారీ పైకి పెంచాను. ఆఖరున జీవన్ చేయి కలిపి "మీ బావబామ్మర్దులకు ఎట్ల కుదిరిందో సార్ గిట్ల" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు గర్వంగా ఉండింది. నిన్న వింటూనే టీవీ ఆపేశాను.

నువ్వేమంటావో వెంటనే రాయి.

నీ బావ
నర్సన్న


సిరిసిల్ల,
శుక్రవారం.

నర్సన్న బావకు నమస్తే.

కప్పు గెలిచిన మనిషికి రాయవలసిన ఉత్తరమా ఇది? పోస్టుమన్ ఇస్తే సన్మానం గురించేమో అనుకుని షెడ్డులో అందరి ముందూ విప్పాను. చదివాక నా మొహం చూసి మా అంజి "ఏమైందన్నా, ఎవలకన్నా బాగలేదా" అని సాంచె ఆపేశాడు.

బావా, నీకేమైంది? మా అక్క మాట పట్టుకుని ఆటను తూచుతావా? ఆమె నన్ను పుట్టినప్పటి నుంచి దొంగ అనే అంటోంది. ఆమె ఏది చెప్పినా సగం నిజమవుతుంది, ఎందుకంటే ఉన్నవి రెండే, నిజం, అబద్ధం. నా నోట్లో నా నాలుక నేను ఎటు తిప్పుకుంటే ఎవరికేం? పన్ను సలపరం ఉండొచ్చు. సోంపు గింజ ఇరుక్కుని ఉండొచ్చు.

నువ్వు పాస్ అన్నది నీ ముక్కలు చూసుకుని. కోరుట్ల కాలేజీలో లెక్కలు చెప్పిన సారువి, నీకు అందాజ కాక ఇంకెవరికి ఉంటుంది? జగిత్యాలవాళ్లు మనల్ని మొదటి ఏడు ఏమన్నారో మరిచావా? రమ్మీ బ్యాచ్ అన్నారు. చాయ్ కూడా మనకు ఆఖరున ఇచ్చారు. వాళ్ల వన్ క్లబ్‌ను విరగ్గొట్టడానికి మనం ఎన్ని ఉత్తరాలు రాసుకున్నాం! ఆ కష్టమంతా ఒక బుగ్గ కిందికి తోసేస్తావా?

వచ్చే నెల హైదరాబాదులో స్టేట్ పోటీ. కప్పు గెలిచినందుకు మన పేర్లు అక్కడికి పంపారు. ఇటు సిరిసిల్ల నుంచి గానీ అటు కోరుట్ల నుంచి గానీ అక్కడి బల్ల దగ్గర కూర్చున్నవాడు నాకు తెలిసి లేడు. దాని గురించి రాయి. ఆ వీడియో బంద్ చేసి అక్కకు సీరియల్ పెట్టు.

ఉత్తరం మూసేముందు ఒక మాట. అద్దం ముందు నిలబడి టూ స్పేడ్స్, టూ స్పేడ్స్ అని చూసుకున్నాను. నాకేం కనపడలేదు. సరిత చూసి భయపడింది.

నీ బామ్మర్ది
దేవేందర్


కోరుట్ల,
బుధవారం.

దేవేందర్‌కు,

నీ ఉత్తరం చదివి నాకూ ధైర్యం వచ్చింది. నిజమే కదా, లెక్కల సారునే కదా, లెక్క కట్టి చూద్దాం అనుకున్నాను. ఫైనల్ కాకుండా అంతకుముందు వాళ్లతో ఆడిన ఆటల వీడియోలు కూడా ఉన్నాయి. ఏ బోర్డులో ఏం చేశానో గుర్తు లేనివి. చెప్పుల డబ్బా అట్ట చించి, టీవీ మీద సరిగ్గా నీ మొహం వచ్చే చోట అంటించాను. తెర మీద కనిపించే నా ముక్కలు చూసుకుంటూ, జీవన్ వన్ క్లబ్ అనీ నువ్వు టూ స్పేడ్స్ అనీ తెలిసి, వీడియో ఆపి ఇప్పుడు నేనైతే ఏమంటానో పైకి చెప్పి, తర్వాత అట్ట తీసి ఆ రోజు ఏమన్నానో చూశాను. మీ అక్క సాక్షి.

సగానికి సగం తప్పాను.

ఒక బోర్డు చెప్తాను. నా చేతిలో నాలుగు ఇస్పేట్లు, వేరే రంగులో ఒక ఆసు. మన ఒప్పందం ప్రకారం ఇలాంటప్పుడు ఇంకో ఆలోచన లేకుండా ఫోర్ స్పేడ్స్ అనాలి. నీకు ఆ సంగతి ఉత్తరంలో నేనే రాశాను. అట్ట అడ్డం ఉన్నప్పుడు ఫోర్ స్పేడ్స్ అన్నాను. ఆ రోజు బల్ల దగ్గర ఏం చేశానో తెలుసా? పాస్! నీ దగ్గర అయిదు ముక్కలు, అందులో ఏమీ లేవు. ఫోర్ స్పేడ్స్ అని ఉంటే జీవన్ డబుల్ కొట్టి మన తోలు తీసేవాడు. పాస్ అని బతికిపోయాం.

ఎందుకు పాస్ అన్నాను? వీడియోలో నన్ను నేను మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఆలోచించలేదురా. ముక్కల వైపు కూడా చూడలేదు. తల ఎత్తి నీ మొహం చూశాను, చేయి దానంతటదే పోయి ఆకుపచ్చ పాస్ కార్డు తీసింది. ఆ చేయి నాదేనా అనిపించింది.

ఎదుటి జట్టు నీ బుగ్గ చూసి ఏమనుకున్నా తప్పు లేదు. నీ జోడీగా నేను చూసి ఆడకూడదు. మన ఒప్పందం ఏదైనా వాళ్లు అడిగితే చెప్పగలిగేదై ఉండాలి. జీవన్ అడిగితే ఏం చెప్తాను? మా బామ్మర్ది అబద్ధాలు నాకు తెలుస్తాయి అని చెప్తానా? దొంగతనం అంటే తెలిసి చేసేదే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. తెలియకుండా కూడా చేయొచ్చని తెలిసి మతి పోతోంది.

కప్పు ఇచ్చేద్దాం. ఇద్దరం పోయి జీవన్‌కు, నవీద్‌కు చెప్పేద్దాం. హైదరాబాదుకు వాళ్లు పోవాలి, మనం కాదు.

నర్సన్న


సిరిసిల్ల,
ఆదివారం.

బావా,

నీ మీద కోపంతో ఊగిపోయి ఆ ఉత్తరం సరిత ముందు పడేశాను. చూడు మీ అన్నకు పిచ్చి ఎట్ల లేచిందో అన్నాను. ఆమె చదివి, ఏమీ అనకుండా, నన్నూ వీడియో పెట్టమంది. నా బుగ్గ చూస్తుందనుకున్నాను. ఆమె నిన్ను చూసింది.

"అన్న చాయ్ గప్పుడప్పుడే ఎందుకు తాగుతున్నడు?" అంది.

"చాయ్ ఎప్పుడన్న తాగుతరు, గదేం ప్రశ్న" అన్నాను.

"గ్లాసు ఖాళీ అయినంక గూడనా?"

బావా, నువ్వు చేతిలో బలం లేక పాస్ అన్నప్పుడు ఊరికే కూర్చుంటావు. బలం ఉండి, మన నియమం ప్రకారం ఊకుండి పాస్ అన్నప్పుడు చాయ్ గ్లాసు ఎత్తి ఒక గుటక వేస్తావు. గ్లాసులో చాయ్ ఉన్నా వేస్తావు, లేకున్నా వేస్తావు. ఒక బోర్డులో నవీద్ వన్ క్లబ్ అన్నాడు, నువ్వు పాస్ అని ఖాళీ గ్లాసు ఎత్తావు, జీవన్ దగ్గర ఏమీ లేదు. నా దగ్గర కూడా ఏమీ లేదు. అయినా నేను పాట కార్డు పెట్టి లేచాను. ఎందుకు లేచాను? నీ దగ్గర ఉందని నాకు తెలుసు కాబట్టి. ఎట్ల తెలుసు? ఇన్నేళ్లూ దాన్ని అందాజ అనుకున్నాను బావా. నా అంత అందాజ ఈ మూడు ఊళ్లలో ఎవరికీ లేదని అనుకున్నాను. అదంతా నీ చాయ్ గ్లాసు! సరిత నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నీ తప్పు ఎంతో నా తప్పూ అంతే అని ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఈ సంగతి మన నలుగురికే తెలుసు. హైదరాబాదు పోటీలో బల్ల మధ్యలో తెర కడతారట. నీ జోడీ నీకు కనపడడు. నా బుగ్గ నీకు కనపడదు, నీ గ్లాసు నాకు కనపడదు. అక్కడ నిజాయితీగా ఆడదాం. ఓడిపోతే ఓడిపోదాం. కానీ పోదాం.

నేను ఈ ఆట మస్కట్‌లో నేర్చుకున్నాను. కంపెనీలో నాకు పేరు లేదు, నంబరు ఉండేది. గోవా మేనేజరు నాలుగో మనిషి తక్కువయ్యాడని నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, మొదటిసారి "దేవేందర్, యువర్ బిడ్" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడని ఏడుపొచ్చింది. తిరిగొచ్చాక నీకు అంటించాను. మళ్లీ అలాంటి బల్ల దగ్గర, పెద్దవాళ్ల మధ్య, ఒక్కసారి నా పేరు వినాలని ఉంది. నీకు దండం పెడతాను బావా. జగిత్యాల పోకు.

దేవేందర్


కోరుట్ల,
గురువారం.

దేవేందర్‌కు,

నీ ఉత్తరం మీ అక్క, నేను ఇద్దరం చదివాం. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. అయినా నా వల్ల కాదు. తెర ఉన్నా లేకున్నా, ఆ తెర ముందు కూర్చునే హక్కు మనం ఇలా సంపాదించిందే కదా. ఆలోచించి చూడు, నీకూ గొంతు దిగదు.

ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు కప్పు సంచిలో పెట్టుకుని పోతున్నాను. నువ్వు వేములవాడ మీదుగా వస్తే క్లబ్బు ముందర కలుద్దాం. రాకపోతే ఇద్దరి తరఫునా నేనే చెప్తాను. నాది ఎంతో, నీది ఎంతో, ఏదీ దాచను.

నర్సన్న


కోరుట్ల,
సోమవారం.

ఒరేయ్ దేవేందర్,

ఏం పని చేశావురా? నన్ను ఒక్క మాట అడగకుండా ఏం పని చేశావు?

క్లబ్బులోకి అడుగు పెట్టగానే సెక్రెటరీ అబ్దుల్ రహీం సాబ్ లేచి ఎదురొచ్చాడు. చేతిలోంచి సంచి తీసుకున్నాడు. లోపల ఏముందో చూడను కూడా లేదు.

"రండి నర్సన్న సాబ్. మీ గురించే అనుకుంటున్నం. మీ బామ్మర్ది మొన్ననే అచ్చి అంత చెప్పిపోయిండు."

"ఏం చెప్పిండు?"

"బుగ్గతోని ఇషారా చేసిండట, జాన్‌బూజ్‌కే, కావాల్ననే. మీకు తెలుస్తదేమోనని ఆశపడి చేసిండట. గని మీరు ఎన్నడు తలకాయ ఎత్తి సూడలేదట, మీ ముక్కలు మీరే సూసుకుంటరట. మా బావ దేవునసుంటోడు, ఆయననేం అనకుండ్రి అని నా చేతులు పట్టుకున్నడు. రెండేండ్లు ఆడొద్దని చెప్పినం. మంచిది సాబ్ అని పోయిండు."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నీ పనికి సిగ్గుపడుతున్నానని వాళ్లు అనుకున్నారు. జీవన్ వచ్చి భుజం మీద చేయి వేశాడు.

"మీరెందుకు సార్ బాధపడుతరు? మీరేం చేసిండ్రు?" అన్నాడు. "నవీద్ వాళ్ల అమ్మీకి ఆపరేషన్ ఉన్నది, హైదరాబాద్ వస్తలేడు. నాకు జోడీ లేడు. మీరు రావాలె. మీతోని ఆడుడంటె నాకు ఇష్టమే."

ఆ క్షణం నేను ఏమనాలి? "లేదు, నేను చూసిన" అనాలి. మూడే మాటలు. ఆ మాటలు కోరుట్ల నుంచి జగిత్యాల దాకా బస్సులో అనుకుంటూనే వచ్చాను. చెప్పడానికే కదా పోయింది! నోరు తెరిచాను కూడా. నా నోటి నుంచి వచ్చింది ఏమిటో తెలుసా?

"ఎన్నడు పోవాలె?" అన్నాను.

నా గొంతు నాకే వినపడింది. ఎవరో పక్కన నిలబడి అన్నట్టుంది. రహీం సాబ్ సంతోషపడి చాయ్ తెప్పించాడు. తాగాను. జీవన్ తన వన్ క్లబ్ పద్ధతి రాసి ఉన్న కాయితాలు ఇచ్చాడు. తీసుకున్నాను. బస్సెక్కాక చూస్తే అవి నా ఒళ్లో ఉన్నాయి, నేను ముఖ్యమైన చోట్ల గీతలు కూడా గీశాను.

మీ అక్కకు కప్పు ఇచ్చేశానని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పలేదు. నువ్వు ఆ అబద్ధం ఎందుకు చెప్పావు? నేను ఇంత నీచుడినని నాకు చూపించడానికా? తిట్టురా. కనీసం తిట్టు.

నర్సన్న


సిరిసిల్ల,
శనివారం.

బావకు,

తిట్టను.

నువ్వు పోవడం ఖాయమని తెలిశాక, ఇద్దరి పేర్లు చెడడం ఎందుకు అనుకున్నాను. నా పేరు పోతే సాంచాల షెడ్డులో అడిగేవాడు లేడు. నువ్వు కోరుట్లలో సగం మందికి సారువి. బజారులో నడిస్తే సైకిలు దిగి నమస్తే పెడతారు. అందుకే నేను ముందుగా పోయి చెప్పాను.

కానీ నీకు నిజం చెప్తాను. నువ్వు ఆదివారం అక్కడికి పోతావని నాకు తెలుసు కదా. పోగానే నా మాట కొట్టేస్తావనుకున్నాను. రహీం సాబ్ మీదికి పోయి "వాడు అబద్ధం చెప్పిండు, నేనూ సూసిన" అని క్లబ్బు పైకప్పు ఎగిరేలా అరుస్తావనుకున్నాను. అరిచాక నాకు ఫోన్ చేసి బండ బూతులు తిడతావనుకున్నాను. ఆ రోజు పొద్దంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సరిత అన్నానికి పిలిచినా లేవలేదు.

ఎన్నడు పోవాలె అన్నావా బావా?

ఆ మాట దగ్గర ఆగిపోయాను. తప్పుగా చదివానేమోనని మళ్లీ చదివాను. నువ్వేనా రాసింది అని దస్తూరీ చూశాను.

హైదరాబాదుకు పో. జీవన్ మంచి ఆటగాడు, నిన్ను మంచిగా చూసుకుంటాడు. నాకు మాత్రం ఇక ఆట ముచ్చట రాయకు.

దేవేందర్


కోరుట్ల,
గురువారం.

తమ్మి దేవేందర్‌కు,

నేను అక్కను, కళావతిని రాస్తున్న. నాకు మీ లెక్క రాసుడు రాదు. మాట్లాడినట్టే రాస్తున్న, సదువుకో.

నీ ఉత్తరం అచ్చినప్పటి సంది మీ బావ మనిషి మనిషిలెక్క లేడు. పిలిస్తె ఉలికిపడుతున్నడు. ఏమైందంటె ఏం లేదు, దేవేందర్ మంచిగనే ఉన్నడు అన్నడు. నేను తలుపు కాడ అడ్డం నిలబడి, చెప్పినదాక బయటికి పోనియ్య అన్న. గప్పుడు చెప్పిండు. నువ్వు జగిత్యాల పోయి అంత నీ మీద ఏసుకున్నది, ఈయన గక్కడ నిలబడి ఎన్నడు పోవాలె అన్నది, అన్నీ చెప్పిండు. ముప్పై ఏండ్లు కాపురం చేసిన మనిషేనా అని మొకం దిక్కు సూసిన. పిలగాని లెక్క ఏడ్సిండు.

"ఏడుసుడెందుకు, పోయి చెప్పి రాండ్రి" అన్న.

"నాకు నోరు వస్తలేదే" అన్నడు. గంతే, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

తెల్లారి నేనే బస్సెక్కిన. ఆయనకు చెప్పలేదు. మందులు తెచ్చుకుంట అన్న.

గా క్లబ్బుల ఒక్క ఆడిమనిషి లేదు. నన్ను సూసి అందరు ముక్కలు కింద పెట్టిండ్రు. రహీం సాబ్ కుర్సీ ఏసి, "కూసోండ్రి బెహన్, సార్ మంచిగున్నడా" అన్నడు. జీవన్ వకీలు గూడ ఉన్నడు. కూసుంటె మళ్ల లేవనేమో అని నిలబడే చెప్పిన.

"నాకు మీ ఆట రాదు. ఒక్క ముక్క పేరు గూడ సక్కగ రాదు. కని మా తమ్ముడు మీకు అబద్ధం చెప్పిండు. మా ఆయన తలకాయ ఎత్తి సూడడన్నడు సూడుండ్రి, గది అబద్ధం. ఆయన సూస్తడు. కావాల్నని కాదు, కని సూస్తడు. మా తమ్ముడు గూడ ఈయనను సూస్తడు. వీడియో మీ దగ్గరనే ఉన్నది, పెట్టుండ్రి" అన్న.

పెట్టిండ్రు. నేను ఒక్కొక్కటి ఏలు పెట్టి సూపిచ్చిన. నువ్వు బుగ్గ నెట్టుడు, ఆయన పచ్చ ముక్క తీసుడు. నువ్వు నెట్టకపోవుడు, ఆయన పైకి పెంచుడు. ఆయన గ్లాసు ఎత్తుడు, నువ్వు లేసుడు. మొదలు నవ్విండ్రు. జరసేపటికి ఎవలు నవ్వలేదు. ఆఖరికి జీవన్ వకీలే లేసి టీవీ బంద్ చేసిండు.

"అమ్మా, మీ ఇంటాయనను మీరే పట్టిస్తున్నరు. మీకు తెలుస్తుందా?" అన్నడు.

"తెలుస్తుంది సారు. ఒకడు చేసిండు, ఒకడు సూసిండు. ఇద్దరు నావాళ్లే. ఇద్దర్ని కలిపి దొంగలనుండ్రి, పడుత. ఒక్కన్నే అంటె పడ" అన్న.

రహీం సాబ్ అద్దాలు తీసి తుడుసుకున్నడు. మీ బావకు గూడ రెండేండ్లు ఆట బంద్ అన్నరు. నువ్వు కావాల్నని చేసినవన్న మాట కొట్టేసిండ్రు. మీకు సమానంగ శిక్ష ఏసిండ్రు తమ్మి, ఎక్కువ తక్కువ లేదు. హైదరాబాద్‌కు మీ ఇద్దరిల ఎవలు పోతలేరు.

ఇంటికచ్చి మీ బావకు చెప్పిన. కొడ్తడేమో అనుకున్న, కొట్టలేదు. జీవన్ ఇచ్చిన కాయితాలు తీసి నా చేతుల పెట్టి ఎనుక రూంలకు పోయిండు. గప్పటి సంది నాతోని మాట్లాడుతలేడు. దేవేందర్‌తోని మాట్లాడే మొకం నాకు లేదు అని ఒక్కటే మాట గోడకు చెప్తున్నడు.

నీకు గూడ నా మీద కోపం రావచ్చు. హైదరాబాద్ పోవాలని నువ్వెంత ఆశపడ్డవో నాకు తెలుసు. కోపం చేసుకో, మంచిదే. కని ఆదివారం సరితను తీసుకొని రా. కోడిని కోపిస్త. అచ్చి వాకిట్ల నిలబడి మీ బావను పేరు పెట్టి ఒక్కసారి పిలువు. నేను పిలిస్తె పలుకుతలేడు.

మీ అక్క
కళావతి